తొంభై ఆరు గ్రాముల సోయా సాస్

బుధవారం నర్సు వచ్చింది. వస్తూనే చేతులు కడుక్కుని, సంచిలోంచి బరువు చూసే యంత్రం తీసి గచ్చు మీద పెట్టి, మంచం మీది పెద్దావిడను రెండు చేతులా పట్టుకుని దాని మీద నిలబెట్టింది. ముల్లు అటూ ఇటూ ఊగి ఊగి ఒకచోట ఆగింది.

“ముప్ఫై ఏడు పాయింట్ నాలుగు,” అంది నర్సు. “పోయిన నెల ముప్ఫై తొమ్మిది ఉన్నారు. ఏం మామ్మగారూ, గాలికి ఎగిరిపోదామనుకుంటున్నారా?”

“ఎగిరిపోతే మంచిదేగా. నీకు ఇంతదూరం నడిచే పని తప్పుతుంది,” అంది పెద్దావిడ.

నర్సు నవ్వింది గానీ, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించింది. “సార్, ముప్ఫై ఆరు కిందికి దిగితే ఇక ఇంట్లో ఉంచలేం. ఆస్పత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేస్తారు. ఈ వయసులో గొట్టం వేశాక మళ్ళీ తీసిన వాళ్ళను నేను పెద్దగా చూడలేదు. జబ్బంటూ ఏమీ లేదు. తినటం లేదు, అంతే. ఆవిడకు ఇష్టమైనదేదో ఆలోచించండి. రెండు ముద్దలు లోపలికి పోతే చాలు. ఇక నుంచి వారం వారం వచ్చి చూస్తాను.”

ఆయన తల ఊపాడు. నర్సు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

పెద్దావిడ ఆయనకు అత్తగారు. ఆవిడ ఒక్కగానొక్క కూతురు ఆయన భార్య. ఆ కూతురు పోయి ఎనిమిది నెలలైంది. పిల్లలు లేరు. పదకొండేళ్ళ క్రితం మోకాళ్ళు పట్టేసినప్పుడు పెద్దావిడ ఈ ఇంటికి వచ్చింది. వచ్చిన నాటి నుంచీ ఇల్లంతా తనదే అన్నట్టు తిరిగింది. కూతురు పోయాక మాత్రం చుట్టం చూపుగా వచ్చినదానిలా మంచం అంచున కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట్లో ఒక పూట తినేది. తర్వాత గంజి తాగేది. ఇప్పుడు గంజి గ్లాసు కూడా సగంలోనే బల్ల మీదకు తిరిగొస్తోంది.

“కూతురు లేని చోట అల్లుడింట్లో కంచం ముందు కూర్చోవాలంటే సిగ్గుగా ఉందండీ,” అని ఒకసారి అంది. ఆయన గంజి గ్లాసు తీసుకెళ్ళి లోపల పెట్టాడు. నిజానికి చెప్పవలసింది చాలా ఉంది. తన భార్య చిన్నప్పుడు ఏ పాట పాడేదో, ఏ కాలి మీద కాలిన మచ్చ ఉండేదో, కోపం వస్తే ఏ గదిలోకి వెళ్ళి తలుపేసుకునేదో ఈ భూమ్మీద ఇంకా తెలిసిన మనిషి ఈవిడ ఒక్కతే. ఈవిడ కూడా పోతే ఆయన తన భార్య గురించి ఎవరితో మాట్లాడాలి? అయితే ఇలాంటి మాటలు అత్తగారి ఎదుట నిలబడి అనే అలవాటు ఆయనకు లేదు.

ఆయన ముప్ఫై నాలుగేళ్ళు ఆస్పత్రిలో కాంపౌండరుగా పనిచేశాడు. లేపనాలు, పొడులు, పిల్లల మందు నీళ్ళు, అన్నీ తూచి కలిపేవాడు. తోటివాళ్ళు ఆయనను ‘మిల్లీగ్రాము’ అని పిలిచేవారు. ఎదురుగా పిలిచినా ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. తర్వాత మందులన్నీ డబ్బాల్లో తయారుగా రావడం మొదలైంది. రిటైరైన రోజున, గాజు పెట్టెలో ఉన్న పాత తక్కెడను ఆయన చేతిలో పెట్టి పంపించారు. రెండు ఇత్తడి పళ్ళేలు, మఖమల్ గుంటల్లో వరసగా తూనిక రాళ్ళు, వాటిని ఎత్తడానికి చిన్న శ్రావణం. చేత్తో ముట్టుకుంటే రాయికి చెమట అంటి తూకం మారుతుందని ఆయన ఇప్పటికీ శ్రావణంతోనే ఎత్తుతాడు.

నర్సు వెళ్ళాక ఆయన సొరుగు తెరిచాడు. ఎనిమిది నెలలుగా తెరవని సొరుగు అది. అందులో నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. పైన ఆయన చేతిరాతతో ‘లేసులు, ముగ్గురికి’ అని రాసి ఉంది.

*

లేసులు అన్న పేరు పెద్దావిడ పెట్టిందే. ఒకప్పుడు వాళ్ళింటి మేడ మీది గదిలో జపాను టీచరమ్మ ఒకావిడ రెండేళ్ళు అద్దెకుంది. భాషలు నేర్పే బడిలో పాఠాలు చెప్పేది. ఆవిడ దగ్గర ఆయన భార్య ఈ వంట నేర్చుకుంది. నువ్వులు వేయించి నూరాలి. అందులో సోయా సాస్, వెనిగర్, అల్లం, చిటికెడు పంచదార, నువ్వుల నూనె కలపాలి. నూడుల్స్ ఉడికించి, చల్లనీళ్ళలో బట్టలు జాడించినట్టు జాడించి, ఆ ముద్దలో కలిపి, పైన సోయా పాల పన్నీరు, అదే టోఫూ, ముక్కలు ఎర్రగా వేయించి వెయ్యాలి. మొదటిసారి గిన్నె ముందు పెట్టినప్పుడు పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

“ఏంటే ఇది? బూటు లేసులు, సబ్బు ముక్కలూను.”

“ఒక్కసారి తిని చెప్పమ్మా.”

తింది. తిని, “సబ్బు బాగానే ఉంది, లేసులు ఇంకొంచెం వెయ్యి,” అంది. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం ఆ ఇంట్లో మధ్యాహ్నం లేసులే.

ఆయన భార్య ఎప్పుడూ ఏదీ కొలిచేది కాదు. గుప్పిట, చిటికె, కంటి చూపు, అవే ఆమెకు కొలతలు. జబ్బు ముదిరిందని డాక్టరు చెప్పిన వారానికి ఆయన వంటింట్లోకి తక్కెడ పట్టుకొచ్చి అరుగు మీద పెట్టాడు.

“ఇదెందుకండీ ఇక్కడ?”

“నాకు కూడా నేర్పు.”

“చూస్తూ ఉంటే అదే వస్తుంది. కంటికి తెలిసిపోతుంది.”

“నా కంటికి తెలీదు. తక్కెడకు తెలుస్తుంది.”

ఎందుకు నేర్చుకుంటానన్నాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రోజు ఆమె ఏది చేతిలోకి తీసుకున్నా ముందు ఇత్తడి పళ్ళెంలో వెయ్యాలి. ఆయన రెండో పళ్ళెంలో శ్రావణంతో రాళ్ళు పేర్చి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి, కాగితం మీద అంకె వేసుకున్నాక, ఆమె దాన్ని తిరిగి తీసుకుని గిన్నెలో వెయ్యాలి. నువ్వులు నలభై రెండు గ్రాములు. అల్లం తొమ్మిది. పంచదార ఆరున్నర. మూడు గంటలు పట్టింది. మధ్యలో ఒకసారి పొయ్యి మీది నీళ్ళన్నీ ఇగిరిపోయి గిన్నె మాడింది.

“వంట చేస్తున్నామా, మందు కలుపుతున్నామా?” అని ఆమె పడీ పడీ నవ్వింది. “రోజుకు ఎన్నిసార్లు వాడాలో కూడా రాయండి మరి.”

ఆయన నిజంగానే రాశాడు. ‘ఆదివారం ఒకసారి, భోజనానికి బదులు.’

చివరికి సోయా సాస్ దగ్గరికి వచ్చారు. అప్పటికే వైద్యం ఆమె నాలుకను తినేసింది. ఏది నోట్లో పెట్టుకున్నా ఇనుపముక్క చప్పరించినట్టుందని అంటూ ఉండేది. కొంచెం పోసింది, వేలితో అద్ది నాకి చూసింది. మళ్ళీ పోసింది, మళ్ళీ చూసింది. మూడోసారి పోసి, వేలు నోట్లో పెట్టుకుని, దూరంగా ఏదో వినబడుతున్నట్టు చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత చెంచా ఆయన నోటి దగ్గర పెట్టింది.

“సరిపోయిందా చూడండి.”

ఉప్పు కషాయం. నాలుక మీద నిప్పు పెట్టినట్టయింది. ఆమె ఆయన ముఖంలోకే చూస్తోంది. తలకు కట్టుకున్న గుడ్డ కింద ఆ కళ్ళు ఎప్పటికన్నా పెద్దవిగా కనిపించాయి.

“సరిగ్గా ఉంది,” అన్నాడు ఆయన.

కాగితం మీద రాశాడు: సోయా సాస్, తొంభై ఆరు గ్రాములు. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఏ రోగికీ ఏనాడూ తప్పు తూకం ఇవ్వని మనిషి, అది తప్పని తెలిసి రాసిన అంకె అదొక్కటే.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె లేవగలిగిన ప్రతి ఆదివారం అదే తూకంతో చేసింది. ఆయన తిన్నాడు, బాగుందన్నాడు. పెద్దావిడ కూడా తింది. ఉప్పెక్కువైందని గానీ, గొంతు మండుతోందని గానీ ఒక్క మాట అనలేదు. పెద్దావిడకు ఒకరిని నొప్పించకుండా మాట దాచుకోవడం చేతకాదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషని కూతురే ఆటపట్టించేది. అలాంటావిడ నోరెత్తకుండా గిన్నె ఊడ్చి తిన్నదంటే, వయసుతో ఆవిడ నాలుక కూడా మొద్దుబారిపోయి ఉంటుందని ఆయన అనుకున్నాడు. పోనీలే, అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు.

*

ఆదివారం పొద్దున్నే టోఫూ కొట్టుకు వెళ్ళాడు. వీధి చివర చిన్న గది. లోపల పెద్ద గంగాళంలో సోయా పాలు కాగుతుంటాయి. కొట్టావిడ తడి గుడ్డ తీసి, చెక్కపెట్టెలోంచి ముక్క కోసి ఇస్తుంది. చాలా రోజుల తర్వాత ఆయనను చూసి, ఏమీ అడగకుండా, ఆయన భార్య ఎప్పుడూ తీసుకునే గట్టి ముక్క కోసి ఆయన తెచ్చిన డబ్బాలో పెట్టింది. ఆ పక్కన అడగని చిన్న ముక్క ఇంకొకటి పెట్టింది.

ఇంటికి వచ్చి కాగితం గోడకు అంటించుకున్నాడు. టోఫూను గుడ్డలో చుట్టి, పైన పీట పెట్టి, పీట మీద నీళ్ళ బిందె పెట్టి నీరంతా పిండాడు. నువ్వులు చిటపటమన్న క్షణంలో దించాడు. అన్నీ తూచాడు. సోయా సాస్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

తగ్గించవచ్చు. తగ్గిస్తే రుచి కుదురుతుందని ఆయనకు తెలుసు. కానీ ఆ అంకె ఆమె చేతిలోంచి పడింది. అది మారిస్తే, నువ్వు తప్పు పోశావు, నేను నీ ముఖం మీదే అబద్ధం చెప్పాను అని ఇప్పుడు, ఆమె జవాబు చెప్పుకోలేని చోట ఉండగా, అన్నట్టవుతుంది. పైగా పెద్దావిడ ఆఖరున తిన్నది ఈ రుచే కదా. గుర్తుపడితే దీన్నే గుర్తుపడుతుంది. ఆయన తొంభై ఆరు గ్రాములూ పోశాడు.

బల్ల మీద మూడు గిన్నెలు పెట్టబోయి రెండే పెట్టాడు. రెండు కూజాల నిండా నీళ్ళు పోసి తెచ్చాడు. పెద్దావిడను నడిపించుకొచ్చి కూర్చోబెట్టాడు. గిన్నెలోకి చూడగానే ఆవిడ ముఖంలో చిన్న కదలిక వచ్చింది.

“లేసులా?”

“అవునండీ. మీ అమ్మాయి తూకమే. చూసి చేశాను.”

ఆవిడ రెండు పోగులు నోట్లో పెట్టుకుంది. నమిలింది. నెమ్మదిగా చెంచా కింద పెట్టేసింది.

“ఇది కాదండీ,” అంది. ఇంకేమీ అనకుండా బల్ల పట్టుకుని లేచి, గోడ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

బుధవారం ముల్లు ముప్ఫై ఆరు పాయింట్ ఏడు దగ్గర ఆగింది. నర్సు ఈసారి హాస్యమాడలేదు. “వచ్చే బుధవారం చూద్దాం సార్,” అని మాత్రం అంది. ఒక కాగితం మీద ఆస్పత్రి వార్డు నంబరు రాసి ఆయన చేతిలో పెట్టింది.

ఆ మూడు రోజులూ ఆయనకు కుదురు లేదు. తూనిక రాళ్ళన్నీ తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఒకదానితో ఒకటి సరిచూశాడు. ఒక్క రాయి కూడా తేడా లేదు. టోఫూ కొట్టుకు మళ్ళీ వెళ్ళి, “ఈమధ్య తయారీలో ఏమైనా మార్చారా అమ్మా?” అని అడిగాడు.

“ఏం మారుస్తానండీ? అదే గింజ, అవే నీళ్ళు, అదే నేను,” అంది కొట్టావిడ. కాసేపాగి, “అమ్మగారు ముక్కను వేలితో నొక్కి చూసి, ఇది నిన్నటిది అని ఇట్టే పట్టేసేవారు. అలా పట్టేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. నిన్నటిది అమ్మినా అడిగేవాళ్ళు లేరు. అయినా అమ్మబుద్ధి కావట్లేదు,” అంది.

ఆ మాట ఆయన ఇంటిదాకా పట్టుకొచ్చాడు.

*

రెండో ఆదివారం ఇంకా జాగ్రత్తగా చేశాడు. నువ్వులు రోట్లో నూరుతుంటే లేచే వాసన ఇల్లంతా పాకింది. మంచం మీద పెద్దావిడ ఇటు తిరిగి పడుకోవడం ఆయన గమనించాడు. వాసన సరిగ్గానే ఉందన్నమాట. మళ్ళీ అదే కాగితం, అదే తొంభై ఆరు. బల్ల మీద రెండు గిన్నెలు, రెండు కూజాలు.

ఆవిడ ఈసారి ఒక్క పోగే నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని, మింగి, గిన్నెను వేళ్ళతో కొంచెం అవతలికి జరిపింది.

“ఇది కాదండీ.”

ఆయన ఎప్పుడూ అత్తగారి ఎదుట గొంతు పెంచినవాడు కాదు. ఇప్పుడూ పెంచలేదు గానీ, ఆవిడ జరిపిన గిన్నెను మళ్ళీ దగ్గరికి జరిపాడు.

“అత్తయ్యగారూ, ఒక్క మాట అడుగుతాను, మరోలా అనుకోకండి. ఇందులో నా సొంతం ఏమీ లేదు. ఆఖరి నాలుగు నెలలూ మీ అమ్మాయి చేసింది ఇదే. ఈ తూకమే. పక్కన నిలబడి రాసుకున్నాను. అప్పుడు మీరు గిన్నె ఊడ్చి తిన్నారు. నేను చూశాను. ఇప్పుడు కాదంటే నేనేం చెయ్యాలి చెప్పండి. బుధవారం నర్సు వస్తుంది. ఇంకో ఏడు వందల గ్రాములు తగ్గితే మిమ్మల్ని తీసుకుపోతారు.”

పెద్దావిడ ఆయన వంక చూడలేదు. బల్ల మీద పడిన ఒక నువ్వుగింజను గోటితో అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చుంది.

“అప్పుడు తిన్నది ఉప్పు కషాయం,” అంది చివరికి.

ఆయన కుర్చీ వీపు పట్టుకున్నాడు.

“నాకు ఎనభై నాలుగేళ్ళండీ. కళ్ళు పోయాయి, మోకాళ్ళు పోయాయి. నాలుక ఇంకా నాదే. మొదటి ఆదివారమే తెలిసింది, అమ్మాయికి రుచి పోయిందని.”

“మరి ఎలా తిన్నారు?”

“వండింది అది. వండి, ఎదురుగా కూర్చుని, చెయ్యి గడ్డం కింద పెట్టుకుని నా ముఖంలోకి చూసేది. ఇసుక పెట్టినా తినేదాన్ని.” ఆవిడ గింజను దొర్లించడం ఆపింది. “ఇప్పుడు అది లేదు. ఉత్త ఉప్పు ఎందుకు తినాలి నేను?”

కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు మీరు.”

“మీకు తెలియదనుకున్నా. పాపం మగమనిషి, పెట్టింది తింటున్నాడు, ఈయన కడుపులో ఈ దిగులు కూడా ఎందుకని ఊరుకున్నా.”

“మీకు తెలియదని నేను అనుకున్నాను,” అన్నాడు ఆయన. “మీ నోట్లో నువ్వుగింజ నానదు కదా, తెలిస్తే అనకుండా ఉంటారా అనుకున్నాను.”

పెద్దావిడ మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. ఎముకలు తేలిన ఆ చిన్న ముఖం ముడతలన్నీ కదిలాయి. అది నవ్వో ఏడుపో ముందు తెలియలేదు. తర్వాత నవ్వని తెలిసింది, ఆ తర్వాత కాదని తెలిసింది.

“నానబెట్టానండీ,” అంది పమిటతో కళ్ళు తుడుచుకుంటూ. “నాలుగు నెలలు నానబెట్టాను. మొలకలు కూడా వచ్చాయి.”

కాసేపటికి ఆవిడే లేచింది. “ఆ కాగితం సొరుగులో పెట్టేసి రండి,” అంది. “చింపకండి. జాగ్రత్తగా పెట్టండి. ఇంకో తెల్ల కాగితం తెచ్చుకోండి. నువ్వుల ముద్ద ఇంకా ఉందా?”

“ఉంది.”

“అయితే నన్ను వంటింట్లోకి తీసుకుపోండి.”

ఎనిమిది నెలల తర్వాత ఆవిడ వంటింటి పీట మీద కూర్చుంది. ఆయన కొత్త గిన్నెలో నువ్వుల ముద్ద, అల్లం, వెనిగర్, పంచదార, నూనె కలిపి, పక్కన ఇత్తడి పళ్ళెంలో చిన్న గిన్నె పెట్టి, అందులో సోయా సాస్ పోస్తూ తూచాడు. ఇరవై గ్రాములు. కలిపాడు. చెంచా ఆవిడ నోటికి అందించాడు.

“చప్పగా ఉంది.”

ఇంకో పది.

“ఊఁ... ఇంకా.”

ఇంకో పది. ఆవిడ కళ్ళు మూసుకుంది. చెంచా నోట్లోనే ఉంచుకుని, దూరంగా ఏదో వింటున్నట్టు కూర్చుంది. ఆ కూర్చోవడం చూసి ఆయన సీసా కింద పెట్టేశాడు. అచ్చం అలాగే నిలబడింది ఆ రోజు ఆమె, వేలు నోట్లో పెట్టుకుని. ఇన్నాళ్ళూ ఆ పోలిక ఆయన కంట పడనే లేదు.

“దగ్గరికొచ్చింది. ఇంక చుక్కలు చుక్కలుగా పొయ్యండి,” అంది ఆవిడ. “మీ ఆస్పత్రిలో పిల్లలకు పోసినట్టు.”

ఆయన చుక్కలు వేశాడు. పదిహేనో చుక్కకో పదహారో చుక్కకో ఆవిడ చెయ్యెత్తింది.

“ఇదీ.”

నలభై ఒక్క గ్రాములు. ఆయన తెల్ల కాగితం మీద రాసి, అప్పుడు తానొక చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

ముందు నువ్వుల కమ్మదనం వచ్చింది. దాని వెనక అల్లం ఘాటు. ఎక్కడో అడుగున, ఉందో లేదో అన్నట్టు, తీపి. జబ్బు లేని ఆదివారాలు. తడి చెయ్యి పమిటకు తుడుచుకుంటూ, ‘ఏమండీ, చల్లారిపోతోంది, రారేం’ అని ఆమె వంటింట్లోంచి కేక వెయ్యడం. ఆఖరి నాలుగు నెలల ఉప్పు వాటన్నిటినీ కప్పేసింది. ఆయన కూడా, దాన్ని కాగితం మీద పెట్టి, కాపాడుతున్నాననుకుంటూ, ఇంకా కప్పాడు. చెంచా కింద పెట్టి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పెద్దావిడ తొందరపెట్టలేదు. ఆయన ఇటు తిరిగేదాకా రోలు అంచున అంటుకున్న నువ్వుల ముద్దను వేలితో తుడుస్తూ కూర్చుంది.

నూడుల్స్ మళ్ళీ ఉడికించాడు. జాడించాడు. మిగిలిన టోఫూ ముక్కలు నాలుగు వైపులా ఎర్రబడేదాకా వేయించాడు. కొట్టావిడ అడగకుండా పెట్టిన చిన్న ముక్క ఈసారి కూడా డబ్బాలో ఉంది. దాన్ని అత్తగారి గిన్నెలో వేశాడు.

ఆవిడ తింది. ఒక పోగు, ఇంకో పోగు. టోఫూ ముక్క సగం కొరికి, నమలలేక నమిలింది. ఆయన తన గిన్నె ముట్టుకోకుండా, చెయ్యి గడ్డం కింద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

“అలా చూడకండి. మళ్ళీ అబద్ధం చెప్పాల్సొస్తుంది,” అంది ఆవిడ. ఆయన గబుక్కున చెయ్యి తీసేసి తన చెంచా అందుకున్నాడు.

సగం గిన్నె అయ్యాక ఆవిడ బల్ల మీదికి చూపించింది. “ఒక కూజా లోపల పెట్టెయ్యండి. ఇవాళ అన్ని నీళ్ళు అక్కర్లేదు. అసలు ఇద్దరికి రెండు కూజాలేంటండీ? ముగ్గురున్నప్పుడు ఒకటే ఉండేది.”

“ఇన్నాళ్ళూ రెండే కదా పెడుతూ వచ్చాం,” అన్నాడు ఆయన. అని ఆగాడు.

ఎప్పటి నుంచి?

గుర్తొచ్చింది. జబ్బు చేయకముందు బల్ల మీద ఒకటే కూజా. ఆ ఆఖరి నాలుగు నెలల్లో రెండోది వచ్చింది. ఆయన తేలేదు. నడవడానికే గోడ పట్టుకునే మనిషి, ఆదివారం గిన్నెలు పెట్టగానే మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి, రెండు చేతులా పట్టుకుని ఇంకో కూజా నీళ్ళు తెచ్చి అమ్మకూ మొగుడికీ మధ్యలో పెట్టేది. ఆయన ఇవ్వమన్నా ఇచ్చేది కాదు. అందుకే ఆమె పోయాక కూడా ఆదివారం అనగానే ఆయన చేతులు రెండు కూజాలూ నింపాయి.

ఆయన పెద్దావిడ వంక చూశాడు. ఆవిడ చేతిలో చెంచా గాలిలో ఆగిపోయింది.

“అమ్మాయే పెట్టేది,” అంది ఆవిడ మెల్లగా.

“అవును.”

“అంటే దానికి...”

“అవును,” అన్నాడు ఆయన మళ్ళీ.

వాళ్ళిద్దరూ ఎన్ని గ్లాసులు తాగుతున్నారో ఆమె చూసింది. ఉప్పు తన నాలుకకు తెలియకపోయినా వాళ్ళ దాహం తన కళ్ళకు తెలిసింది. ఒక్కరు నిజం చెప్పి ఉంటే చెయ్యి తగ్గించేది. ఎవరూ చెప్పలేదు గనక, ఎంత తగ్గించాలో తెలియక, చెప్పించే మనసు రాక, నీళ్ళు తెచ్చి పెట్టింది. ‘సరిగ్గా ఉంది’ అని ఆయన అన్న ప్రతిసారీ నవ్వి, కూజా ఆయన వైపు కొంచెం జరిపింది.

ఆ కూజాను లోపల పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు. దాహం లేకపోయినా అందులోంచి ఒక గ్లాసు పోసుకుని తాగాడు. పెద్దావిడ కూడా తన గ్లాసు ముందుకు జరిపింది.

బుధవారం నర్సు వచ్చింది. చేతులు కడుక్కుంది. యంత్రం గచ్చు మీద పెట్టింది. ముల్లు ఊగి ఊగి ఆగింది. ఆమె వంగి ఒకసారి, మళ్ళీ ఒకసారి చూసింది.

“ముప్ఫై ఆరు పాయింట్ ఏడు. పోయిన వారం ఎంతో అంతే,” అంది. “పెరగలేదు. కానీ తగ్గలేదు. ఏం పెట్టారు సార్?”

ఆయన నోరు తెరిచేలోపే పెద్దావిడ అందుకుంది.

“బూటు లేసులు.”

నర్సు ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. “సరే, అవే పెడుతూ ఉండండి,” అని పుస్తకంలో అంకె రాసుకుంది. ఆయన పెద్దావిడను యంత్రం మీంచి దించాడు. దిగుతూ ఆవిడ ఆయన భుజం పట్టుకుంది. మంచం దాకా వెళ్ళాక కూడా ఆ చెయ్యి కాసేపు తియ్యలేదు.